బాబీ చెప్పకుండా వదిలేసిన సగం

"ఈ ముసిలోల మీటింగు ఎప్పటికి అవుతాదో ఏటో."

బాబీ ఈ మాట మనసులో అనుకున్నాననే అనుకున్నాడు. చేతిలో ఉన్న మైకు అప్పుడే బాగుపడిందని అతనికి తెలియదు. చర్చి గోడకి తగిలించిన సౌండ్ బాక్సు ఆ మాటని పొందూరు వీధి మలుపుదాకా తీసుకెళ్ళింది.

లోపల కూర్చున్న పదకొండుమంది పెద్దలూ తలలు తిప్పారు. ఇల్లూ వాకిలీ, పనీపాటా వదలకుండానే పునీత ఫ్రాన్సీసువారి దారిలో నడుస్తామని మాట ఇచ్చినవాళ్ళ సభ అది. నెలకోసారి ఆదివారం పూజ అయ్యాక కూర్చుంటారు. సభకి పెద్ద జగన్నాధం మాస్టారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మెల్లగా అన్నారు.

"మరో అరగంట పడతాది నాయినా."

బాబీ చెవులు కాలిపోయాయి. పని లేకపోయినా వైర్లలోకి తలదూర్చాడు. కాసేపటికి పక్కన చెప్పుల చప్పుడైంది. మాస్టారి కూతురు అనూరాధ. పదో తరగతిదాకా ఇద్దరిదీ ఒకే బడి. ఇప్పుడు ఆమె చిన్నపిల్లలకి టీచరు, ఇతను మైకు సెట్లు, సీసీ కెమెరాల మెకానిక్కు.

"మా నాన్నకి సారీ సెప్పవా?" అంది.

"సెప్తాను. జనం పల్చబడనీ."

జనం పల్చబడ్డారు. బాబీ చెప్పలేదు. చుట్టిన వైర్లే మళ్ళీ చుడుతూ ఉండిపోయాడు.

అనూరాధ కోప్పడలేదు. అతనన్నది ఒకందుకు నిజమేనంది. సభలో అందరికంటే చిన్నవాళ్ళకి యాభై ఎనిమిదేళ్ళు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండని ఏడాదిగా ఆమె పెద్దల్ని బతిమాలుతోంది. అక్టోబరు నాలుగున ఫ్రాన్సీసువారి పండుగదాకా చూద్దామని చివరికి ఒప్పుకున్నారు. పిల్లలు దొరికారు. వాళ్ళని కదలకుండా కూర్చోబెట్టే మనిషే దొరకలేదు.

"నీ నోరు ఎంత దూరం పోతాదో విన్నాను కదా. వచ్చే ఆదివారం వచ్చి కథలు సెప్పు," అంది, నవ్వు పెదవుల చివర ఆపుకుని.

ఆ ఆపుకున్న నవ్వు కోసమే బాబీ వెళ్ళాడు.

చర్చి వెనక రేకుల షెడ్డు. పధ్నాలుగుమంది పిల్లలు. అనూరాధ తన గుండ్రటి చేతిరాతతో ఫ్రాన్సీసువారి కథలు రాసిన నోటుబుక్కు అతని చేతిలో పెట్టింది. మొదటి వారం పిల్లలు కాస్త ఆవలించారు. రెండో వారం ఫ్రాన్సీసువారు తోడేలుని మచ్చిక చేసిన కథలో బాబీ తోడేలులా అరిచి చూపిస్తే ఇంకోసారి, ఇంకోసారి అని చొక్కా పట్టుకు లాగారు. మూడో వారం రేకుల మీద వాన దంచుతుంటే, గొంతు పెంచి గుడ్డల కథ చెప్పాడు. ఫ్రాన్సీసు నాన్న బట్టల వ్యాపారి. కొడుకు ఒకనాడు నాన్నని అడక్కుండా కొట్లోని బట్టల మూటలు గుర్రానికెత్తి అమ్మేసి, కూలిపోతున్న గుడి కోసం ఇచ్చేశాడు. బాబీ తన భుజం మీది తువ్వాలు తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి అనూరాధ తల మీద పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె తువ్వాలు తియ్యకుండానే నవ్వింది.

తరవాతి పేజీలో ఇంకో ముక్క ఉంది. అడక్కుండా తెచ్చింది దేవుడి ఇంటికి పనికిరాదు, తిరిగి ఇచ్చెయ్యమని బిషప్పుగారు చెప్పారు. ఫ్రాన్సీసు తిరిగి ఇచ్చేశాడు. బాబీ ఆ పేజీ చూశాడు. చప్పట్లు ఇంకా మోగుతున్నాయి, అనూరాధ ఇంకా నవ్వుతోంది. నోటుబుక్కు మూసేశాడు.

ఆ వారంలోనే సంగతి బయటపడింది.

దాలమ్మ సభలో పాత మనిషి, నూలు వడికే చెయ్యి. పండగరోజు బలిపీఠం మీద పరిచే గుడ్డ కోసం మూడు నెలలుగా సన్న నూలు తీస్తోంది. సన్న పళ్ళున్న చేప దవడతో దువ్వెనలా దూది దువ్వి, రాట్నం మీద వడికి, దండల్లాంటి నూలు కట్టలుగా ఆరు చిలపలు చుట్టి గోడ మేకుకి తగిలించింది. ఆమె మనవరాలు శైలజకి తొమ్మిదేళ్ళు. వానలో బస్టాపులో వణుకుతున్న ఒక దిక్కులేని ఆడమనిషిని చూసి ఇంటికి పరిగెత్తింది. మేకుకున్న ఆరు చిలపలూ తీసుకెళ్ళి, చుట్టుకోమని ఆమెకి ఇచ్చేసింది. ఎందుకలా చేశావంటే, ఫ్రాన్సీసుగారు వాళ్ళ నాన్నని అడిగేరా ఏటి అని ఎదురడిగింది.

ఆదివారం సభ కూర్చుంది. బాబీ సౌండ్ బాక్సు పక్కన నిలబడ్డాడు. పిల్లలకి దొంగతనం నేర్పుతున్నామా అని ఒకరు, ముందే వద్దన్నామని ఇంకొకరు. దాలమ్మ మాత్రం ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతుల్ని చూడలేక బాబీ కిందికి చూశాడు.

పిల్లలకి ఆ కథ అలా ఎవరు చెప్పారని మాస్టారు అడిగారు.

అనూరాధ లేచింది. "పుస్తకం నాది, పిల్లల్ని పిలిచింది నేను. తప్పు నాదే నాన్నా."

వీధి మలుపుదాకా వినిపించే బాబీ నోరు ఆ పూట పెగల్లేదు. పండగతో పిల్లల కూటం ఆపేద్దామని తీర్మానమైంది.

బయట సైకిలు తాళం తీస్తున్న అనూరాధ దగ్గరికెళ్ళి, నా పేరు ఎందుకు సెప్పలేదని గొణిగాడు.

"నువ్వు సెప్తావని సూసేను," అంది. వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. పండగకి ఉన్న నాలుగు రోజులూ బాబీకి అన్నం చేదైంది. ఒక సాయంత్రం కొత్త దుప్పటి కొని బస్టాపుకెళ్ళాడు. దుప్పటిచ్చి నూలు తీసుకెళ్దామని. ఆ దిక్కులేని మనిషి ఆరు చిలపలూ మెడలో దండలా వేసుకుని కూర్చుని ఉంది. అతను చెయ్యి చాపగానే రెండు చేతులతో వాటిని గుండెకి హత్తుకుంది. అప్పుడర్థమైంది బాబీకి, మళ్ళీ ఎవర్నీ అడక్కుండానే సర్దేద్దామని వచ్చాడని. దుప్పటి ఆమె పక్కన పెట్టి, బండి తోసుకుంటూ వెనక్కి నడిచాడు. స్టార్టు చెయ్యడానికి కూడా సిగ్గేసింది.

పండగరోజు పూజ అయ్యింది. పీఠం మీద పాత గుడ్డే ఉంది. జనం లేవబోతుండగా బాబీ మైకు తీసుకున్నాడు. ఎర్రలైటు వెలుగుతోందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

"గుడ్డల కథ సెప్పింది అనూరాధ కాదు, నేను," అన్నాడు. "సగమే సెప్పేను. అడక్కుండా తెచ్చింది తిరిగి ఇచ్చీమని బిషప్పుగారు అన్నారు, ఫ్రాన్సీసుగారు ఇచ్చీసేరు. అది సెప్తే చప్పట్లు ఆగిపోతాయని మానీసేను. మొన్న తన మీద తప్పేసుకుంటంటే ఇక్కడే నిలబడి సూసేను. ముసిలోల మీటింగు అన్నానూ, దానికీ ఇంతవరకూ సారీ సెప్పలేదు. తప్పయిపోనాది. పిల్లల కూటం మాత్రం ఆపీకండి."

శైలజ దాలమ్మ కొంగు పట్టుకుని, ఆ నూలు మళ్ళీ తెచ్చీనా అని ఏడుపుగొంతుతో అడిగింది.

దాలమ్మ మనవరాలి తల నిమిరింది. "నన్నడక్కుండా తీసేవు. అది తప్పే. అయితే ఆ మనిషి మెడలో ఏసుకున్నాది, బస్టాపులో నేనూ సూసేను కదే. ఆ మెడలోంచి లాగి పీఠం మీద పరిస్తే ఆ సామి మాత్రం ఏటంటాడు?" అంది. తరవాత పెద్దల వైపు తిరిగింది. "మళ్ళీ వడుకుతాను. నా కళ్ళు ఆనడం లేదు. దూదిలో గింజలు ఏరడానికి ఈ పిల్లలందరూ కావాలి నాకు. ఆదివారం ఆదివారం."

ఆ తీర్మానం సంగతి ఇప్పుడే మళ్ళీ కూర్చుని చూద్దామంటూ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద దుమ్ము చేత్తో దులిపి, బాబీ వైపు చూశారు.

"మీటింగు మరో అరగంట పడతాది నాయినా. కూర్చో."

బాబీ కూర్చున్నాడు. పిల్లల కూటం ఆపొద్దని తేల్చేసరికి అరగంట గంటైంది. ఈసారి అతనికి గడియారం గుర్తురాలేదు.

అందరూ వెళ్ళాక వైర్లు చుడుతుంటే అనూరాధ వచ్చి రెండో కొస పట్టుకుంది. నోటుబుక్కు ఇచ్చేస్తూ, ఇంకో మాట ఉందన్నాడు. ఆమె మైకు వైపు చూసింది. ఎర్రలైటు ఇంకా వెలుగుతోంది. తనే ఆపేసింది.

"ఇది ఊరందరికీ అక్కర్లేదు. సెప్పు."

చెప్పాడు. పక్క కుర్చీకి కూడా వినిపించనంత మెల్లగా. ఆమెకి వినిపించింది. చుట్టిన వైరునే మళ్ళీ విప్పి మళ్ళీ చుడుతూ నిలబడింది. తలెత్తేసరికి, ఆనాడు ఆపుకున్న నవ్వు ఈసారి ఆగలేదు.

"మా నాన్న గేటు దగ్గరున్నాడు," అంది. "నువ్వు సెప్తావని సూస్తాను."

బాబీ వైరు కింద పెట్టి, తువ్వాలు భుజాన సర్దుకుని, గేటు వైపు నడిచాడు.