పలక మీద మిగిలిన గవ్వ

బాలాసోర్ స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియో. దాని వెనక గదిలో, ఎర్ర బల్బు కింద, కుంజబిహారి మహాంతి బల్ల మీద పదకొండు ఫోటోలు పరిచాడు. ఊరి దృష్టిలో ఆయన పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ముసలాయన. గూఢచార విభాగం దృష్టిలో ఈ తీరమంతటికీ చీఫ్.

"చూసి చెప్పు," అన్నాడు.

ఏజెంట్ నిరాకార్ జెనా ముందుకు వంగాడు. పదకొండింటిలోనూ ఒకే ఆడమనిషి. పసుపు చీర, నల్ల కళ్ళద్దాలు, వారపత్రిక అట్ట మీద వేయదగ్గ నవ్వు.

"తీసినవాడు హార్లన్ అనే విదేశీయుడు," అన్నాడు మహాంతి. "మన రాష్ట్రం మీద టూరిస్టు గైడు రాస్తున్నానంటాడు. చిలికాలో పడవలు తీశాడు. నందన్‌కానన్‌లో తెల్లపులిని తీశాడు. పూరీ బీచిలో ఒంటె మీద పిల్లల్ని తీశాడు. ఎక్కడా రెండో రోజు ఆగలేదు. పక్కనే ఉన్న ఝావుబని తీరానికి వచ్చి మాత్రం పదకొండు రోజులైంది, కదలడం లేదు."

నిరాకార్ ఫోటోలను అటూ ఇటూ జరిపాడు. ఏదో తేడాగా ఉంది. అదేమిటో కాసేపటికి తట్టింది.

"సార్, సముద్రం చూడ్డానికి వచ్చిన వాళ్ళెవరైనా సముద్రాన్ని వెనక పెట్టుకుని ఫోటో దిగుతారు. ఈమె వెనక అన్నింటిలోనూ ఒడ్డే ఉంది. సరుగుడు తోపు, పాత రాతి బంగళా, నీళ్ళ ట్యాంకు."

"ఉంటే?"

"బంగళాకీ ట్యాంకుకీ మధ్య ఎంత ఎడం కనిపిస్తోందో కొలిస్తే, కెమెరా ఎక్కడ ఉందో మ్యాపు మీద చుక్క పెట్టొచ్చు. వీడు ఫోటోలు తీయడం లేదు సార్. సముద్రం అడుగున ఒక చోటుకి ఆనవాళ్ళు పెట్టుకుంటున్నాడు."

మహాంతి మొహంలో మొదటిసారి కాస్త నవ్వు కనిపించింది. అయిదు నెలల కిందట ఒక పరీక్ష రాకెట్ నుంచి మోచేతి పొడవున్న లోహపు గొట్టం ఒకటి సముద్రంలో పడిపోయింది. అందులో టేపు ఉంది. ఆ టేపులో రాకెట్ గుట్టంతా ఉంది. మనవాళ్ళు నీళ్ళలో వెతికారు. అది బురదలో కూరుకుపోయింది.

"ఎల్లుండి అమావాస్య," అన్నాడు మహాంతి. "ఝావుబనిలో సముద్రం మామూలుగానే మైళ్ళ దూరం వెనక్కి పోతుంది. అమావాస్యకు మరీ దూరం పోతుంది. ఆ పొద్దున్నే వీడు తవ్వుకుంటాడు."

"పట్టుకోవచ్చు కదా?"

"దౌత్య పాస్‌పోర్ట్. వాడి పెట్టె మూత మీద చెయ్యి వేస్తే మర్నాడు ఢిల్లీలో నా తోలు తీస్తారు. కాబట్టి మనం పట్టుకోం. పోటు పట్టుకుంటుంది. నువ్వు ఒడ్డున ఫోటోగ్రాఫర్ వేషంలో ఉంటావు. నీళ్ళు తిరిగితే అక్కడి ఫోటోగ్రాఫర్లు శంఖం ఊది మనుషుల్ని వెనక్కి పిలుస్తారు. నువ్వు శంఖం ఊదకు. అంతే నీ పని."

నిరాకార్ ఒక ఫోటో మీద వేలు పెట్టాడు. "ఈ అమ్మాయి?"

"ఇతిశ్రీ రాయ్. నల్లద్దాల్లో గుర్తుపట్టలేదా? వాడి పక్కన ఉండి మనకు కబుర్లూ ఈ ఫోటోల కాపీలూ పంపుతోంది. మన కబుర్లు వాడికీ చేరవేస్తోందేమో తెలియదు. ఆమె పేరు నేను ఫైల్లో రాయలేదు."

"ఆ ఒడ్డుకి ఇంకొకరిని పంపండి సార్."

"ఇంకొకరికి ఆ ఒడ్డు తెలియదు," అని మహాంతి బల్బు ఆర్పేశాడు.

*

ఝావుబని ఫోటోగ్రాఫర్లకు ఒక కట్టుబాటు ఉంది. ఆటు సమయంలో గిరాకీని సముద్రం అడుగుకి నడిపించుకుపోయి ఫోటో తీసే ప్రతివాడూ, వెళ్ళే ముందు తలకొక గవ్వ చొప్పున లెక్క చూసే సనాతన మౌసా ముందున్న చెక్క పలక మీద పెట్టాలి. నీళ్ళు తిరగగానే నడుముకున్న శంఖం ఊది వాళ్ళను పిలవాలి. మనిషి తిరిగొస్తే గవ్వ తీసేయాలి. అక్కడ నీళ్ళు కెరటంలా రావు. చప్పుడు లేకుండా వెనక కాలవల్లోంచి వచ్చి దారి మూసేస్తాయి. అందుకని ఎవడి గిరాకీని వాడే వెనక్కి తేవాలి. తేలేనివాడికి ఆ ఒడ్డున కెమెరా పట్టుకునే హక్కు లేదు.

ఆ ఒడ్డున అందరికీ బాబాయి లాంటి మౌసాకి డెబ్భై దాటాయి. ఉబ్బసం వల్ల శంఖం ఊదడం ఎప్పుడో మానేశాడు. మెడలో పాత బాక్స్ కెమెరాతో వచ్చిన నిరాకార్‌ను చూసి ఆయన కళ్ళు చికిలించాడు.

"మీసం తీసేస్తే గుర్తుపట్టననుకున్నావా? కూర్చో," అని మరమరాల పొట్లం ముందుకు తోశాడు. "ముఢీ తిను."

నిరాకార్ కూర్చున్నాడు. అతని చూపు పలక మీద పడింది. పలక మీద మూల ఒక గవ్వ ఉంది. ఎండకీ వానకీ తెల్లబడిపోయింది.

"ఇంకా తీయలేదా మౌసా?"

"మనిషి రాందే ఎట్లా తీస్తాను?" అన్నాడు ముసలాయన మామూలుగా.

ఆ గవ్వ పెట్టింది నిరాకారే. మూడేళ్ళ కిందట ఇదే ఒడ్డున, ఇదే వేషంలో, ఇతిశ్రీతో పాటు, భుజాన సంచీ వేసుకున్న తోటి ఏజెంట్ అభిరామ్ బారిక్‌ను లోపలికి పంపి తను ఒడ్డున నిలబడ్డాడు. సరుగుడు తోపులో అనుమానం కలిగించే మనిషి ఒకడు కనిపిస్తే వెంటపడ్డాడు. తిరిగొచ్చేసరికి నీళ్ళు నిండిపోయి ఉన్నాయి. ఇతిశ్రీ ఒక్కతే ఒడ్డు చేరింది. శంఖం ఊదకుండానే నిరాకార్ నడుముకి ఉండిపోయింది. అభిరామ్ శవం కూడా దొరకలేదు.

ఆ మధ్యాహ్నం నిరాకార్ వేషం కోసం ఇద్దరు ముగ్గురు టూరిస్టుల ఫోటోలు తీసి, గుడిసెలో కడిగాడు. భువనేశ్వర్ నుంచి వచ్చిన కొత్త జంట, వాళ్ళ వెనక తడి ఇసుక, ఆ వెనక ఎక్కడో గీతలా సముద్రం. ఆ గీత మీద కుడి చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన సంచీ, ఒడ్డుకేసి తిరిగిన మొహం. తీసేటప్పుడు అక్కడ ఎవరూ లేరు. రెండో ఫోటోలోనూ ఉన్నాడు. మూడో దాంట్లోనూ ఉన్నాడు, అదే చోట. నిరాకార్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

తీసుకెళ్ళి చూపిస్తే మౌసా ఆశ్చర్యపోలేదు.

"అందరి ఫోటోల్లోనూ పడడు. పిలవకుండా వదిలేసినవాడి కెమెరాలోనే పడతాడు. పాపం, పిలుపు కోసం నిలబడ్డాడు. పిలిస్తే వస్తాడు కదా."

*

సాయంత్రం ఉడికించిన బఠాణీల ఘుగునీ బండి దగ్గర పసుపు చీర ఆగింది.

"ఏమయ్యా ఫోటోగ్రాఫర్, ఇక్కడ సముద్రం ఎక్కడికెళ్ళింది?"

అది కోడ్. నిరాకార్ లెన్సు తుడుస్తూ జవాబిచ్చాడు. "పుట్టింటికి. పొద్దున్నే వస్తుంది."

ఇతిశ్రీ నల్లద్దాలు తీసింది. కళ్ళ కింద నిద్రలేని నీడలు. ఆకుదొన్నెలో ఘుగునీ తింటూ, చూసేవాళ్ళకి బేరమాడుతున్నట్టు కనపడేలా మాట్లాడింది.

"ఎల్లుండి పొద్దున. కెమెరా స్టాండు కాలు బోలు, అందులో లోహం జాడ పట్టే పరికరం ఉంది. కెమెరా పెట్టెకి దొంగ అడుగు. గొట్టం అందులో పెడతాడు. పెట్టె మోసేది నేనే. దొరగారు బరువులు మోయరు."

"నువ్వు ఎవరి మనిషివి?"

"ఈ మాట అడగడానికి నీకు మూడేళ్ళు పట్టింది."

"అభిరామ్‌ను చివరిసారి చూసింది నువ్వే. వాణ్ణి అక్కడ వదిలేసి వచ్చింది నువ్వే."

ఆమె దొన్నె పక్కన పెట్టింది. "అవును, వదిలేసే వచ్చాను. కాలవలో నీళ్ళు కనిపించాయి, పోదాం రా అన్నాను. 'నిరాకార్ ఒడ్డున ఉన్నాడు, టైమవుతే ఊదుతాడు, వాడు ఊదాకే కదులుదాం' అన్నాడు. నాకు నీ మీద అంత నమ్మకం లేదు. వచ్చేశాను."

నిరాకార్ తుడుస్తున్న లెన్సు పక్కన పెట్టాడు. మూడేళ్ళుగా ఈ మనిషిని తిట్టుకుంటూ బతికాడు. తిట్టుకోవాల్సింది ఎవరినో ఇప్పుడు తెలిసింది.

"ఎల్లుండి కూడా ఒడ్డున నువ్వే కదా ఉండేది?" అంది ఇతిశ్రీ. "ఊదుతావా?"

అతను నడుముకున్న శంఖాన్ని తడిమాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

అమావాస్య పొద్దున మిగతా ఫోటోగ్రాఫర్లందరినీ పంచాయతీ ఆఫీసుకి మీటింగని పిలిపించారు. ఒడ్డున నిరాకార్, మౌసా, దూరంగా హార్లన్ జీపు, అందులో డ్రైవరు. అంతే.

హార్లన్ పొడుగాటి మనిషి. ఒడియా బాగానే మాట్లాడతాడు. పలకా గవ్వలూ చూసి నవ్వాడు.

"ఈ తంతు ఎందుకు? నా దగ్గర రేవు వాళ్ళ ఆటుపోట్ల అచ్చు పట్టిక ఉంది. పదింబావుకి గానీ నీళ్ళు తిరగవు."

"రేవు ఇక్కడికి చాలా దూరం బాబూ," అన్నాడు మౌసా.

"నువ్వు ఒడ్డునే ఉండు," అని నిరాకార్‌కి చెప్పి హార్లన్ నడిచాడు. వెనక పెట్టె మోస్తూ ఇతిశ్రీ. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నిరాకార్ పలక మీద రెండు గవ్వలు పెట్టాడు. పాత గవ్వతో కలిపి మూడయ్యాయి.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. సముద్రం పోయిన చోట నేల బూడిదరంగులో పడి ఉంది. గాలి తప్ప చప్పుడు లేదు. బైనాక్యులర్స్‌లో ఇద్దరూ చీమల్లా కనిపిస్తున్నారు. హార్లన్ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతున్నాడు.

తొమ్మిదిన్నరకి నిరాకార్ కాళ్ళ దగ్గర తిరుగుతున్న ఎర్ర పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి దూరాయి. తీరమంతా ఖాళీ అయింది.

"తిరిగింది," అన్నాడు మౌసా.  పలక కేసి చూస్తూ కూర్చున్నాడు.

శంఖం ఊదకు, అంతే నీ పని. నిరాకార్ చెయ్యి నడుము మీద ఉంది. ఊదితే హార్లన్ కూడా వస్తాడు. పెట్టెతో జీపెక్కి వెళ్ళిపోతాడు, ఎవరూ ఆపలేరు. ఊదకపోతే గొట్టం మళ్ళీ బురదలోకి పోతుంది, దేశం గుట్టు దక్కుతుంది. ఫైల్లో లేని ఒక పేరు పోతుంది. లెక్క చూస్తే చీఫ్ చెప్పిందే రైటు. బైనాక్యులర్స్‌లో పసుపు చీర ఒడ్డుకేసి తిరిగి, కదలకుండా నిలబడింది. ఈసారి ఆమె కూడా పిలుపు కోసమే ఆగింది.

"నా వల్ల కాదు సార్," అని ఎక్కడో ఉన్న మహాంతికి చెప్పుకుని నిరాకార్ శంఖం నోటికెత్తాడు.

గుండెలో ఊపిరంతా పెట్టి ఊదాడు. గాలి ఎదురు. నాదం వచ్చిన దారినే వెనక్కి పోయింది. అక్కడ ఆమె కదలలేదు. నిరాకార్ పలక మీద ఇంకో గవ్వ పడేసి బురదలోకి పరిగెత్తాడు. పరిగెడుతూ ఊదాడు, ఆగి ఊదాడు, దగ్గొచ్చి వంగిపోయాడు. రెండు మైళ్ళ దూరం. చేరేలోపు అయిపోతుందని అతనికి తెలుసు. అయినా ఆగలేదు.

అప్పుడు ఇంకో శంఖం మోగింది. అది ఒడ్డు నుంచి కాదు. సముద్రం వైపు నుంచి.

దూరాన పసుపు చీర చటుక్కున వెనక్కి తిరిగింది. వంగి హార్లన్‌తో ఏదో చెప్పింది. తర్వాత పెట్టె పట్టుకుని ఒడ్డుకేసి పరుగు మొదలుపెట్టింది.

ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో కలిశారు. ఆమె రొప్పుతోంది.

"శంఖం విని సముద్రం కేసి తిరిగాను. నీళ్ళు పది గజాల్లో ఉన్నాయి. వాడికి చెప్పాను, పట్టిక చూసి నవ్వాడు. స్టాండు విప్పి తెస్తానన్నాడు. గొట్టం ఇందులోనే ఉంది. జీపు దగ్గర పెట్టె అడుగుతాడు, బరువు చూస్తాడు."

నిరాకార్ పెట్టె దొంగ అడుగు తెరిచాడు. గొట్టం తీసి తన కెమెరా సంచీలో, నల్లగుడ్డ మడతల్లో దోపాడు. ఖాళీ చోటు చూశాడు. నడుము నుంచి శంఖం విప్పాడు. బరువు ఇంచుమించు అంతే. గాముఛా తువ్వాలులో చుట్టి అందులో పెట్టి మూత నొక్కాడు.

"నువ్వు నడువు. నేను వాణ్ణి తెస్తాను."

"వాణ్ణా? ఎందుకు?"

"గవ్వ పెట్టాను కదా," అన్నాడు నిరాకార్.

హార్లన్ ఛాతీ లోతు నీళ్ళలో, స్టాండు నెత్తిన పెట్టుకుని, ఏ కాలవ ఎటో తెలియక తిరుగుతున్నాడు. నిరాకార్ కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఒడ్డు చేరాక హార్లన్ ముందు పెట్టె కేసి చూశాడు. ఎత్తాడు. బరువు చూసుకున్నాడు. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు. తడి బట్టలతోనే జీపెక్కాడు, ప్రాణం కాపాడినవాడికి ఒక్క మాట కూడా చెప్పకుండా.

మౌసా పలక ముందు కూర్చుని ఒక్కొక్క గవ్వా తీస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఆ తెల్లబడ్డ గవ్వ కూడా తీసి ఒళ్ళో వేసుకున్నాడు.

"అదెందుకు తీశావు మౌసా?" నిరాకార్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కళ్ళు మసకే గానీ తలలు లెక్కపెట్టలేనంత గుడ్డివాణ్ణి కాను. ముందు ఈ అమ్మాయి వచ్చింది. తర్వాత నువ్వూ ఆ దొరా వచ్చారు. మీ వెనకే భుజాన సంచీతో ఒకతను వచ్చి తోపు కేసి నడిచిపోయాడు. బాగా అలిసిపోయినట్టున్నాడు, పలకరించలేదు."

నిరాకార్ తోపు కేసి చూశాడు. ఎవరూ లేరు. ఇసుకలో కూర్చుని చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఇతిశ్రీ పక్కన కూర్చుంది. ఊరుకోమనలేదు.

*

వారం తర్వాత స్టూడియో వెనక గదిలో మహాంతి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఊదొద్దన్నాను."

"అవును సార్."

"హార్లన్ పెట్టె వాళ్ళ దేశం చేరింది. ముగ్గురు సైంటిస్టులు దాని ముందు కూర్చున్నారట. వాళ్ళకేం దొరికిందో?"

"శంఖం సార్. ఊదుకోవచ్చు."

మహాంతి నవ్వు ఆపుకుని రిపోర్టు ఫారం ముందుకు లాక్కున్నాడు. ఇతిశ్రీ రాయ్ పేరు తన చేత్తోనే రాశాడు. "లోపలికి వెళ్ళింది ఎందరు?"

"ముగ్గురు."

"తిరిగొచ్చింది?"

"నలుగురు."

పెన్ను ఆగింది. నిరాకార్ బల్ల మీద ఆ రోజు మనిషి కనిపించిన ఫోటో పెట్టి, దాని పక్కన నిన్న అదే చోట తీసినది పెట్టాడు. తడి ఇసుక, దూరాన సముద్రం గీత. కొత్తదాంట్లో గీత మీద కుడి చివర ఎవరూ లేరు. మహాంతి దాన్ని చాలాసేపు చూశాడు.  లేచి బీరువాలోంచి దుమ్ము పట్టిన పాత ఫైలు తీసి, 'ఏజెంట్ అభిరామ్ బారిక్, ఆచూకీ లేదు' అన్న వరుస కొట్టేశాడు. దాని కింద 'ఆలస్యంగా డ్యూటీ నుంచి తిరిగివచ్చాడు' అని పొందికగా రాసి సంతకం పెట్టాడు.

'ఆలస్యానికి కారణం' అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలేశాడు.