వల దిగేదాకా

డార్లా హచెన్స్ మొదటిసారి చూసినప్పుడు, వెండెల్ ప్రూయిట్ ఆమె సీట్లో కూర్చుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

బ్రష్ ఫోర్క్ స్పీడ్‌వే అనే కార్ల రేసు ట్రాకులో ఇరవై రెండో వరుస, ఏడో నంబరు సీటది. వాళ్ల నాన్న కాలం నుంచి హచెన్స్ వాళ్లదే. ఏటా మర్చిపోకుండా టికెట్టు కొనుక్కుంటూ వస్తే ఆ ట్రాకులో సీటు కూడా ఇంటిపేరులా తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది. అలాంటి సీట్లో ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి, అదీ డెబ్బై నాలుగో నంబరు కారు బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. డార్లా వాళ్లింట్లో అందరిదీ అరవై రెండో నంబరు కారు పక్షం. ఒళ్లు మండదూ మరి.

"ఇది నా సీటండీ."

అతను తాపీగా జేబులోంచి టికెట్టు తీసి చూసుకున్నాడు. "నాది ఎనిమిది. ఎనిమిది ఎక్కడుందంటారు?"

"మీ పక్కనే ఉంది. దాని మీద మీ వేరుశెనక్కాయల సంచి కూర్చుంది."

అతను సంచి వంక చూశాడు, ఆమె టోపీ వంక చూశాడు, లేచి పక్కకు జరిగాడు. "అరవై రెండా? ముందే చెబితే జాలిపడి లేచేవాణ్ణి కదండీ."

తొమ్మిదేళ్ల కిందటి మాట ఇది. పెద్ద రేసు ఆ ఊరికి ఏడాదికి రెండుసార్లే వస్తుంది, ఏప్రిల్లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఆ రెండు ఆదివారాలే వాళ్ల పరిచయమంతా. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. అది డార్లా పెట్టిన నియమం. పైకి చెప్పకపోయినా వెండెల్‌కు అర్థమైంది.

ఆ మొదటి రోజే అతనికి ఇంకొకటి కూడా అర్థమైంది. ట్రాకు చుట్టూ నలభయ్యో ల్యాపులో రెండు కార్లు రాసుకుని ఒకటి గోడకు కొట్టుకుంది. జనమంతా లేచి నిలబడి మెడలు చాచి చూస్తుంటే పక్క సీటావిడ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, బెంచీ అంచు పట్టుకుని, పెదవులు పాలిపోయి కూర్చుని ఉంది.

ఆ కార్లలో డ్రైవరు పక్క కిటికీకి అద్దం ఉండదు, వల కట్టి ఉంటుంది. కారు గుద్దుకుని ఆగాక లోపల మనిషి బాగానే ఉంటే తన చేత్తోనే కొక్కెం తీసి వలను కిందికి వదిలేస్తాడు. వల దిగిందంటే మనిషి క్షేమం. అందుకే గోడకు ఏ కారు కొట్టుకున్నా వేలమంది ఊపిరి బిగబట్టి ఆ జానెడు వల వంకే చూస్తారు.

ఇప్పటికి ముప్పై ఏళ్ల కిందట అదే ట్రాకులో, నాలుగో మలుపులో, డార్లా కూడా అలాగే చూసింది. అప్పుడామెకు ఇరవై మూడేళ్లు. కారులో ఉన్నది వాళ్లన్న ఆర్లిస్. ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు దిగుతుంది అని రెప్ప వేయకుండా చూసింది. అంబులెన్సు వచ్చింది, మనుషులు పరిగెత్తారు, కారు చుట్టూ దుప్పట్లు అడ్డం పట్టారు. వల మాత్రం దిగలేదు.

ఆ రోజు నుంచి ఆమె రేసుకు రావడం మానలేదు, ప్రమాదాలు చూడటం మానేసింది. కార్లు తిరుగుతున్నంతసేపూ చూస్తుంది. ఏదైనా గోడ వైపు వెళ్లిందంటే కళ్లు మూసుకుంటుంది. అంత భయమైతే రావడమెందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పేది కాదు. రాకపోతే ఆర్లిస్‌ను ఆ నాలుగో మలుపు దగ్గర ఒంటరిగా వదిలేసినట్టు ఉంటుంది, అంతే. మిగతా రోజుల్లో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె బస్సు వెనక చిక్కుకున్నవాడికి ఆ పూట ఆఫీసు అందదని ఊళ్లో చెప్పుకుంటారు.

ఆ మొదటి రోజు వెండెల్‌కు ఇదేమీ తెలియదు. అడిగినా ఆ ఇంజన్ల హోరులో వినపడదు. ఆమె భుజం మీద వేలితో రెండుసార్లు తట్టాడు, అంతే. డార్లా కళ్లు తెరిచింది. అతను వేలు పెట్టి చూపించాడు. వల దిగి ఉంది. కుర్రాడెవరో కారులోంచి బయటికి పాకుతూ చేతులు ఊపుతున్నాడు.

తొమ్మిదేళ్లుగా ఆమెకు లోకం బాగానే ఉందని చెప్పింది అలా రెండుసార్లు తట్టడమే.

ఇంజన్లు ఆగినప్పుడు మాత్రం ఇద్దరికీ అస్సలు పడేది కాదు. వెండెల్ పాతకాలపు మనిషి. కుర్చీలకు గుడ్డ వేసి, దూది కూరి బాగుచేసే పని అతనిది. పాతదేదైనా కొత్తదానికంటే గట్టిదని అతని నమ్మకం. అప్పట్లో డ్రైవర్లు తమ కార్లు తామే బాగుచేసుకునేవాళ్లట, రేసయ్యాక జనంతో కలిసి ట్రక్కుల వెనక కూర్చుని కోడి వేపుడు తినేవాళ్లట, కోపమొస్తే కొట్టుకునేవాళ్లట. ఇప్పటి పిల్లలు గెలిచినా ఓడినా బ్యాంకు గుమాస్తాల్లా మాట్లాడుతున్నారని, కార్లన్నీ ఒకే అచ్చులో పోసిన ఇడ్లీల్లా... అనే మాట వాళ్ల ఊళ్లో లేదు గాని, ఒకే రేకులో కాల్చిన బిస్కెట్లలా ఉన్నాయని అతని బాధ.

"ఇప్పుడు గోడలకు మెత్తలు వేశారు," అనేది డార్లా. "మెడలకు పట్టీలు పెట్టారు. మీ అప్పటి గోడ వట్టి కాంక్రీటు. నాకు బిస్కెట్లే ఇష్టం."

ఒక అక్టోబరులో వెండెల్ నీలం గుడ్డ వేసిన ఒక మెత్త తెచ్చి ఆమె సీటు మీద పెట్టాడు. దాని మీద అరవై రెండు అని కుట్టి ఉంది. శత్రువు నంబరు కుట్టడానికి చేతులెలా వచ్చాయని ఆమె అడిగితే, కళ్లు మూసుకుని కుట్టానన్నాడు.

ఈ ఏప్రిల్లో నూట పదో ల్యాపు దగ్గర వాన పట్టుకుంది. చినుకు మొదలైతే ఆ రేసు ఆగాల్సిందే, తడిసిన ట్రాకు మీద ఆ టైర్లు నిలవవు. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లాస్టిక్ కోటు ఉంది. అది నెత్తిన పట్టుకుని, చర్చి వెనక పచ్చిక మైదానంలో ఆపిన వెండెల్ పాత ఆకుపచ్చ ట్రక్కు దాకా నడిచారు. ఆ కోటు కింద ఎవరి భుజం తడవకుండా ఉండాలన్నా రెండో భుజం దగ్గరికి జరగాలి. జరిగారు. యాభై మూడేళ్ల మనిషికి చెవులు వేడెక్కడం ఏమిటని డార్లా తనను తానే తిట్టుకుంది.

ఆ రోజు మెట్లు దిగుతూ వెండెల్ మూడుసార్లు ఆగాడు. ఈ ఏడాది మెట్లు ఎక్కువ కట్టినట్టున్నారన్నాడు. అతని పెదవుల నీలి రంగు ఆమెకు కనిపించింది. కనిపించనట్టే ముఖం తిప్పుకుంది. అది ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు.

ట్రక్కులో వాన రేకు మీద దరువు వేస్తుంటే అతను స్టీరింగు వైపు చూస్తూ అడిగాడు.

"డార్లా గారూ, రేసు లేని రోజుల్లో కూడా మీరు భోజనం చేస్తారా?"

"చేస్తున్నట్టే గుర్తు."

"అలాంటి రోజు ఒకటి చూసుకుని నాతో కలిసి చేయకూడదూ?"

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు వెనకే భయం వచ్చింది. తోడుగా మనిషంటూ ఉంటే, ఆ మనిషి గుమ్మం దాటిన ప్రతిసారీ వల దిగేదాకా ఎదురుచూడాలి. ఏడాదికి రెండు రోజులు చాలని చెప్పింది. అంతకు మించి అలవాటైతే తర్వాత తట్టుకోవడం తన వల్ల కాదంది.

వెండెల్ తడిసిన కోటు మడిచి సీటు పక్కన పెట్టాడు. తర్వాత, "సరే. నేనెక్కడికీ పోవడం లేదు. ఎనిమిదో నంబరులోనే ఉంటా," అన్నాడు.

అక్టోబరు వచ్చింది. ఎనిమిదో నంబరు ఖాళీగా ఉంది.

డార్లా ఆ పూట ఎన్నడూ లేనిది గంట ముందే వచ్చింది. వేసవంతా ఆలోచించి, ఒక కాగితం మీద ఫోను నంబరు రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంది. దారిలో వేరుశెనక్కాయలు కూడా కొంది. ఎవరూ కూర్చోకుండా ఆ సంచిని ఎనిమిదో నంబరు మీద పెట్టింది. రేసు ముందు ప్రార్థన అయింది, జాతీయ గీతం అయింది, నలభై ఇంజన్లు ఒక్కసారిగా స్టార్టయి బెంచీలు వణికాయి. సంచి పక్కకు ఒరిగింది. దాన్ని సర్ది మళ్లీ నిలబెట్టింది.

కోపమొచ్చి రాలేదనుకుంది మొదట. ఏప్రిల్లో కాదన్నందుకు మనసు విరిగిందేమో. ఇరవయ్యో ల్యాపుకల్లా కోపమే అయి ఉండాలని దేవుణ్ణి వేడుకుంటోంది. అతని పెదవుల రంగు గుర్తొస్తోంది. మూడుసార్లు ఆగిన మెట్లు గుర్తొస్తున్నాయి. ఎవరిని అడగాలి? ఫోను నంబరు లేదు. ఏ ఊరో తెలుసు, ఏ వీధో తెలియదు. చచ్చిపోయినా తనకు కబురు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, తను అతనికి ఏమీ కాదు కనుక.

చర్చి మైదానం గుర్తు రాకపోలేదు. వెళ్లి చూడొచ్చు. కాని అక్కడ ట్రక్కు లేకపోతే? చూడనంతసేపూ ఏదీ జరగనట్టే. ఆమె సీటుకే అతుక్కుపోయి కూర్చుంది.

ఎనభై ఆరో ల్యాపులో అరవై రెండో నంబరు కారు టైరు పగిలి నాలుగో మలుపులో గోడకు సూటిగా వెళ్లింది.

డార్లా కళ్లు మూసుకుంది. చప్పుడు విన్నది. నెమ్మదించమని పసుపు జెండా ఊపారు కాబోలు, ఇంజన్ల హోరు తగ్గింది. జనం గుసగుస కూడా ఆగిపోయింది. ఆమె భుజం ఎదురుచూసింది. ఒకటి లెక్కపెట్టింది, పది లెక్కపెట్టింది. ఎవరూ తట్టలేదు. తట్టేవాడు లేడు. ఇక ఆ చీకట్లో ఎంతసేపు కూర్చున్నా తట్టేవాడు లేడు.

ఆమె కళ్లు తెరిచింది.

నాలుగో మలుపులో పొగ. పొగలో నుజ్జయిన కారు. కిటికీకి వల, బిగిసి ఉంది. ముప్పై ఏళ్ల కిందటి ఆ వలలాగే. ఆమె రెప్ప వేయలేదు. అప్పుడు ఆ వల వెనక నుంచి గ్లవ్సు తొడిగిన వేళ్లు రెండు బయటికి వచ్చి కొక్కెం కోసం తడుముకున్నాయి. వల జారిపడింది.

జనం కేకలతో స్టాండ్లు దద్దరిల్లాయి. డార్లా లేచింది. వేరుశెనక్కాయల సంచి చంకలో పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక రేసు ఇంకా నడుస్తుండగా, ముగింపు గళ్ల జెండా పడకముందే ఆమె ఆ ట్రాకు వదిలి వెళ్లడం అదే మొదటిసారి. వరుసలో అందరూ మోకాళ్లు పక్కకు తిప్పి, పోయినవాళ్లింటికి వెళుతున్న మనిషికి దారిచ్చినట్టు ఇచ్చారు.

చర్చి మైదానంలో ఆకుపచ్చ ట్రక్కు ఉంది. ఉందని సంతోషించేలోపు, మనిషి లోపలే ఉన్నాడని చూసింది. వెండెల్ డ్రైవరు సీట్లో తల పక్కకు వాల్చి ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. చెవులకు రేసు వినే పెద్ద హెడ్‌ఫోన్లు, కళ్లు మూసి ఉన్నాయి. అద్దాలు బిగించి ఉన్నాయి.

"వెండెల్," అంది. అతను కదల్లేదు. మళ్లీ పిలిచింది. తలుపు పట్టుకుని నిలబడింది. ముఖం తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు. వేలు వంచి అద్దం మీద రెండుసార్లు తట్టింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆమెకైతే ముప్పై ఏళ్లు పట్టింది.

అతని రెప్పలు కదిలాయి. తల తిప్పి చూశాడు. చేయి కిందికి వెళ్లింది, పాత ట్రక్కు కదా, పిడి చేత్తో తిప్పితే గాని కిటికీ దిగదు. కిర్రు కిర్రుమంటూ, ఆగి ఆగి, అద్దం కిందికి దిగింది.

"రేసు అయిపోలేదే," అన్నాడు వెండెల్ హెడ్‌ఫోన్లు తీస్తూ. "మీ అరవై రెండు పోయిందని అలిగి వచ్చేశారా?"

డార్లా ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "చచ్చిపోయావనుకున్నాను. నీకు బుద్ధుందా? ఎవరితోనైనా కబురు పంపలేవూ?"

ఆగస్టులో గుండెకు ఆపరేషన్ అయిందని అతను నెమ్మదిగా చెప్పాడు. ఏడాది దాకా మెట్లు ఎక్కొద్దన్నారట. వాళ్లక్క ట్రక్కు నడిపి తీసుకొచ్చి, తను చర్చి వాళ్ల డేరాలో కోడి వేపుడు తింటోందట. ఆమె దిగాక అతను ఈ సీట్లోకి జరిగాడట. ఇప్పుడిప్పుడే మందుల మత్తుకు కాస్త కన్నంటుకుందట.

"ఆసుపత్రి మాట చెబితే నువ్వు భయపడతావని పంపలేదు."

"మరి ఇప్పుడు భయపడలేదా నేను?"

"ఎనిమిదో నంబరులో ఉంటానన్నాను. అంత పైకి ఎక్కలేకపోయా. కనీసం నువ్వు వినే ల్యాపులే నేనూ వింటూ కూర్చోవాలనిపించింది." అతను ఆమె ముఖం వైపు చూశాడు. "నాలుగో మలుపన్నారు రేడియోలో. నువ్వు కళ్లు మూసుకుని ఉంటావు, తట్టేవాళ్లు లేరే అని నా ప్రాణం కొట్టుకులాడింది."

"చూశాను," అంది డార్లా. "దిగింది. నా కళ్లతో చూశాను."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. వేరుశెనక్కాయల సంచి కూడా పెట్టింది. ఉప్పు తినకూడదన్నారని అతను గొణిగితే, ఒలిచి తనే తింటానంది.

"మంగళవారం రేసు ఉండదు కదా."

"ఉండదు."

"అయితే మంగళవారం భోజనానికి రా. మా ఇంటికి మెట్లు లేవు."

వెండెల్ ఆ కాగితాన్ని విప్పకుండానే చొక్కా జేబులో, ఆపరేషన్ కుట్ల మీదుగా, పదిలంగా పెట్టుకున్నాడు. కొండ మీంచి గాలి చల్లగా కొట్టింది. అటు ట్రాకులో పచ్చజెండా ఊపినట్టున్నారు, ఇంజన్లు మళ్లీ హోరెత్తాయి.

"చలిగా ఉంది. నువ్విటు ఎక్కి కూర్చో, అద్దం పైకెత్తేస్తా," అన్నాడతను.

డార్లా కిటికీ అంచు మీద చేయి తీయలేదు.

"ఎత్తొద్దు. కాసేపు అలాగే దిగి ఉండనీ," అంది.