నక్షత్రం ఆరిన సేపు

“లైటు ఆర్పు శిఫా! కళ్లు చీకటికి అలవాటు పడాల కదా!” కామ్రాన్ కసిరాడు.

“ఆర్పిన తియ్యి. తేలు కుడితే మందు నువ్విస్తవా?”

“మందులిచ్చేది నువ్వు. నేను ఫోటోలు తీస్తా, అంతే.”

ఇద్దరిదీ అరబ్బు దేశంలోని మెసైమీర్‌లో ఒకే క్లినిక్. నిజామాబాద్ నుంచి వచ్చిన శిఫా పని ఫార్మసీలో, ఆదోని నుంచి వచ్చిన కామ్రాన్ పని ఎక్స్‌రే గదిలో. ఏడాదిగా ఆమెతో పోట్లాటకు తప్ప నోరు తెరవని మనిషి. రేపు ఊళ్లో సంబంధం వాళ్లకు ఇక్కడే ఆమెతో ఉండే అన్నయ్య ఫర్హాన్ ఫోన్‌లో మాట ఇచ్చేస్తున్నాడని తెలిసి కూడా, అతను ఆమెను ఎడారికి పిలిచింది ఒక రాయి కోసం! తోడొచ్చిన స్నేహితురాలు ఇరం కారు దిగనే లేదు.

“మార్స్‌కీ జూపిటర్‌కీ నడుమ తిరుగుతాంటాది. జిల్లా అంత పెద్దది, బొగ్గు మాదిరి నలుపు. అది మనకు కనపడదు. అడ్డమొస్తే అదిగో ఆ నక్షత్రం కొన్ని సెకన్లు ఆరిపోతాది, అంతే,” అన్నాడు కామ్రాన్.

సమయం గుర్తుండడానికి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, అతను టెలిస్కోప్‌కు కన్ను ఆనించాడు. కాస్త దూరంగా నిలబడి శిఫా బైనాక్యులర్స్ ఎత్తింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

“పోయె!” అన్నాడు కామ్రాన్.

చుక్క ఉన్నచోట ఏమీ లేదు. ఏదో పెద్దది చప్పుడు లేకుండా తలమీదుగా నడిచిపోతున్నట్టు ఆమె వీపు జలదరించింది. అప్పుడు, చెవి పక్కనే, అతని గొంతు.

“వాళ్లకు మాట ఇయ్యొద్దు శిఫా. నన్ను చేసుకో.”

“సరే,” అంది.

“వచ్చె!”

చుక్క వెలిగింది. కామ్రాన్ టెలిస్కోప్ దగ్గరే ఉన్నాడు. అంగుళం కదల్లేదు.

“సరే అంటివే, ఎవరికి?”

“నీకే! నువ్వడిగినవ్ గద!”

“నేనేమీ అడగలా.”

“ఆటలాడకు.”

అతను రికార్డింగ్ వినిపించాడు. ‘పోయె!’ తర్వాత నిశ్శబ్దం. అందులో ఆమె గొంతు ఒక్కటే: ‘సరే.’ ఆపైన ‘వచ్చె!’

 శిఫా తాను విన్న మాటలు ఒక్కొక్కటే చెప్పింది. కామ్రాన్ ఇసుకలో కూలబడ్డాడు.

“అవే మాటలు... మనసులో అనుకుంటి. నోరు రాలేదు. అల్లా మీద ఒట్టు.”

ఇద్దరూ పైకి చూశారు. ఆకాశం ఏమీ ఎరగనట్టు ఉంది.

“నాకు భయమైతుంది,” అంది శిఫా. “లే. నా ఎదురుంగ నిలబడి, నోటితోని అడుగు.”

అడిగాడు. అవే మాటలు, అదే గొంతు. ఈసారి అతని పెదవులు కదలడం చూసి, మళ్లీ సరే అంది.

వెంటనే అన్నయ్యకు ఫోన్ కలిపి, అతని చేతిలో పెట్టింది. కామ్రాన్ తడబడుతూ అంతా చెప్పాడు.

“ఇన్ని రోజులు ఏం చేసినవ్ మియా?” అన్నాడు ఫర్హాన్. “వాళ్లకు నేను చెప్పుకుంట గని, రేపు అన్నానికి ఇంటికి రా.”