మూడో పిలుపు

మా పూమలై తేయాకు తోటలో కూలీల గదుల వరసల్ని లైన్లంటాం. తొమ్మిదో లైను పైన ఒక మలుపుండేది. సాయంత్రం ఆరు దాటితే ఆ మలుపు ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. తప్పనిసరై ఎక్కాల్సి వస్తే ఇద్దరు ముగ్గురు కలిసి, చేతిలో ఏదో ఒక ఇనప ముక్క పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. మా పని చూసే కంగాణికి ఆ ధైర్యం కూడా ఉండేది కాదు. పగలంతా మమ్మల్ని కసిరి పని చేయించే మొనగాడు, రాత్రి డ్యూటీ పడితే మైలున్నర చుట్టు తిరిగి ఫ్యాక్టరీకి పోయేవాడు.

సెల్లాయి అక్కడుందని పేరు.

నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. ముప్పై ఏళ్ళు తేయాకు కోసి నా వేళ్ళు నల్లబడ్డాయి గానీ అబద్ధాలాడటం నేర్చుకోలేదు. ఇది నా తమ్ముడు కదిరేశన్‌కి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా. మధ్యలో నా పాపం కూడా కొంత ఉంది... అదీ దాచను.

ముందు మా ఆచారం ఒకటి చెప్పాలి. రాత్రిపూట బయటినుంచి ఎవరు పిలిచినా మేము ఒక్క పిలుపుకి పలకం. రెండో పిలుపుకీ పలకం. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దెయ్యం జాతిదైతే రెండుతో ఆగిపోతుంది. అందుకని మూడోది విన్నాకే గడియ తీయాలి. మా అవ్వ చెప్పింది, ఆవిడకి వాళ్ళవ్వ చెప్పిందట.

సెల్లాయి పేచ్చాయవ్వకి ఒక్కగానొక్క కూతురు. తల్లి తొమ్మిదో లైనులో, కూతురు మలుపు దగ్గరున్న పై లైనులో ఉండేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట వానల్లో ఒక రాత్రి, పేచ్చాయవ్వ తలుపు దగ్గర పిలుపు వినపడింది.

"అమ్మా..."

కాసేపటికి మళ్ళీ—

"అమ్మా..."

కన్నతల్లికి గొంతు తెలీదా? తెలుసు. కానీ ఆ జాతివి మనకి తెలిసిన గొంతుతోనే కదా పిలిచేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మూడో పిలుపు కోసం కూర్చుంది. మూడోది రాలేదు. ఇక్కడ ఎవరూ పలక్కపోయేసరికి, పైనున్న వాళ్ళనైనా లేపుదామని సెల్లాయి వెనక్కి పరిగెత్తి ఉంటుంది. కొండ జారింది. పై లైనులో నాలుగు గదులు పోయాయి. ముగ్గురి శవాలు దొరికాయి. సెల్లాయి మాత్రం దొరకలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళకి దిల్రుక్షి వచ్చింది. పేరాదెనియ యూనివర్సిటీలో చదువుకున్న సింహళ పిల్ల, భూమిని పరీక్ష చేసే ఆఫీసులో ఉద్యోగం. మా తమిళం ఎగుడుదిగుడుగా మాట్లాడేది గానీ, మా గుమ్మాల్లో కూర్చుని రొట్టె, కొబ్బరి సంబల్ పచ్చడి మాతోపాటే తినేది. పదకొండు రోజులు ఆ మలుపులో కొండని తొలిచి ఇనప గొట్టం ఒకటి లోతుగా దింపింది. పేచ్చాయవ్వకి నిద్ర పట్టదని తెలిసి, వాన కొలిచే సీసా ఆవిడ చేతికిచ్చింది. దాని మీద ఎర్ర గీత.

"ఈ కొండ కడుపులో నీళ్ళు ఎక్కువైతే మీ ఇళ్ళు నిలవవు పెద్దమ్మా," అంది. "కింద గట్టి నేల ఎక్కడుందో వెతుకుతున్నా. అక్కడ ఇళ్ళు కట్టమని రాసి పంపుతా. అందాకా నీళ్ళు ఈ గీత దాటితే చీకటనీ చలనీ చూడకండి, అందరూ కింద బడికి దిగిపోండి."

గొట్టం దింపిన మొదటి వానల్లోనే అది ఏడ్చింది.

"ఊఁ... ఊఁ..." రెండుసార్లు. ఆగింది. మళ్ళీ రెండుసార్లు.

లైనంతా గడియలు బిగించుకున్నాం. తెల్లారి కబురు పెడితే దిల్రుక్షి పరుగెత్తుకొచ్చింది. లోపల నీళ్ళు లేస్తుంటే గాలి పైకి తన్నుకొస్తుంది, అదే ఆ చప్పుడు, అది వినపడితే మంచిదే, ముందుగా తెలుస్తుంది, అని నేల మీద పుల్లతో బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆ పిల్ల అటు వెళ్ళగానే కంగాణి మూతి విరిచాడు. "ఆ మిస్సీకేం, కొలంబో బండెక్కి పోతుంది. రాత్రి ఇక్కడ పడుకునేది మనం."

రెండుసార్లే ఏడ్చి ఆగిపోవడం మాకు చాలు. అది సెల్లాయే అనుకున్నాం.

ఇక నా పాపం. నా మరదలు యోగమలర్‌కి అప్పటికే రెండు కడుపులు పోయాయి. మూడోది నిలిచి ఏడో నెల పడింది. గొట్టం ఏడ్చిన రాత్రల్లా ఆ పిల్ల రెండు చేతులతో పొట్ట మూసుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. తమ్ముడు చూడలేకపోయాడు.

"అక్కా, ఇది కూడా పోతే అది బతకదే. నేనూ బతకను," అన్నాడు.

మారియమ్మ గుడి పనిలో మిగిలిన సిమెంటు ఉంది. పట్టపగలే ఇద్దరం వెళ్ళాం. బాల్చీ పట్టుకున్నది నేనే. వాడు గొట్టం నోట్లో గుడ్డలు కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. మెత్తుతూ, "సెల్లాయీ, కోపం తెచ్చుకోకు... నా బిడ్డ పుట్టేదాకా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా వద్దనలేదు.

అప్పటినుంచి గొట్టం గమ్మునుంది. లైనంతా హాయిగా నిద్రపోయింది. సెల్లాయి శాంతించిందని కంగాణి కోడిని కూడా కోశాడు.

రెండు నెలలకి పెద్ద వాన పట్టింది. మూడో రోజు పొద్దుగూకే వేళకి పేచ్చాయవ్వ సీసా పట్టుకుని కంగాణి దగ్గరికి వచ్చింది.

"గీత దాటిందయ్యా."

"గొట్టం ఏడ్చిందా?" అన్నాడు కంగాణి.

"లేదు."

"ఏడవనప్పుడు ఇంకేం. ఈ వానలో ముసలీముతకని దింపితే జ్వరాలతో చస్తారు. రేపు దొరకి చెబుతాలే, పో."

నేను అక్కడే ఉన్నా. గొట్టం ఎందుకు ఏడవటం లేదో నాకు తెలుసు. నోరు తెరిస్తే తమ్ముడి ఉద్యోగం పోతుందని తెలుసు. తెరవలేదు. 

రాత్రి పదకొండింటికి యోగమలర్‌కి నొప్పులు మొదలయ్యాయి. ఫోన్లు పని చెయ్యట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఫ్యాక్టరీ లారీ కావాలి. చుట్టు దారిలో వాగు పొంగింది. మిగిలింది మలుపు దారే. మూడేసిసార్లు పిలిచి మమ్మల్ని లేపే తీరిక లేక తమ్ముడు ఒక్కడే బయల్దేరాడు.

ఇక్కడినుంచి వాడి మాట.

టార్చి వెలుగు బారెడు దూరం కూడా పోవటం లేదట. కాలి కింద మట్టి మెత్తగా ఉంది. గొట్టం పక్కగా, తల దించుకుని, గబగబా దాటిపోతున్నాడు—

"అన్నా..."

ఆగిపోయాడు. వాన చప్పుడేనేమో అనుకున్నాడు. గొట్టం మీద టార్చి వేశాడు. సిమెంటు బిళ్ళ ఎక్కడిదక్కడే ఉంది. పగులు లేదు. చెయ్యి వేసి చూశాడు. గొట్టం వణుకుతోంది...

"అన్నా..."

రెండోది. చేత్తో నోరు మూసుకున్నాడు. ఇంకా పైకెక్కితే లారీ. లారీ వస్తే భార్య, బిడ్డ దక్కుతారు. వెనక్కి తిరిగితే ఆ లారీ లేదు. ఇంకో పిలుపు రాకపోతే పైకే పోదామనుకున్నాడు. రాకూడదని మారియమ్మకి మొక్కుకున్నాడట కూడా.

ఎంతసేపు నిలబడ్డాడో వాడికే తెలీదు.

"అన్నా..."

మూడోది వచ్చింది. ఈసారి చెవి దగ్గర్నుంచే.

మూడో పిలుపుకి పలకాలి. "ఆఁ," అన్నాడు. అంతే, గొట్టం వణుకు ఆగిపోయింది. కాళ్ళ కింద నేల మాత్రం కదులుతూనే ఉంది. వాడు కిందికి పరుగెత్తాడు.

మా లైనులో పద్నాలుగు తలుపులు. మొదటిది నాదే.

"అక్కా..." అని పిలిచాడు. నా సొంత తమ్ముడి గొంతు. ఎత్తుకుని పెంచిన వాడి గొంతు. లేచి గడియ మీద చెయ్యి వేశా... తీయలేదు. "అక్కా..." మళ్ళీ. చెయ్యి గడియ మీదే ఉంది, తీయలేదు. మూడోది ఏడుస్తూ పిలిచాడు. అప్పుడు తీశా. చెబుతుంటే సిగ్గేస్తోంది.

"కొండ కదులుతోందే అక్కా. అందరినీ లేపు."

రెండో తలుపు. ఒకటి, రెండు, మూడు. లోపలివాళ్ళు లేచి, దీపం వెతికి, ఎవరని అడిగి, తీసేసరికి ఎంత పొద్దుపోయిందో. మూడో తలుపూ అంతే. వాడు తలుపులు గుద్దుతున్నాడు. గుద్దితే ఇంకా భయపడి బిగుసుకుంటున్నారు లోపల. ఇంకా పదకొండు తలుపులు ఉన్నాయి. ఆఖరి గదిలో వాడి పెళ్ళాం ఒక్కతే నొప్పులు పడుతోంది.

నాలుగో తలుపు పేచ్చాయవ్వది. "అవ్వా—" అన్నాడో లేదో తలుపు తెరుచుకుంది. కూతురు పోయిన రాత్రినుంచి ఆవిడ గడియ పెట్టుకోదు. మొదటి పిలుపుకే లేస్తుంది, దొంగైనా దెయ్యమైనా సరేనని. వాడి మొహం చూసింది.  సత్తు పళ్ళెం, గరిటె తీసుకుని బయటికొచ్చి, వానలో ఆ లైను పొడుగునా వాయించుకుంటూ నడిచింది.

"తీయండే తలుపులు. మూడోదాకా కూర్చుంటే నాలా మిగులుతారు. తీయండి."

ఆ గొంతుకి తీశారు.

కంగాణి గొడుగూ రేడియో చంకన పెట్టుకుని వచ్చి అడ్డం నిలబడ్డాడు. "గొట్టం ఏడవలేదుగా? నాకు వినపడలేదే."

"దాన్ని నేనే మూసేశా," అన్నాడు తమ్ముడు. "సిమెంటు పెట్టి. అయినా పిలిచింది."

"మూసింది ఎలా ఏడ్చిందిరా?"

"నాకు తెలీదు. కొట్టాలనుంటే కింద కొట్టు. ముందు నడువు."

యోగమలర్ మొగుణ్ణి చూడగానే లారీ ఏదని అడిగింది. లేదన్నాడు.

"గొట్టం మూసింది నువ్వేనని నాకు తెలుసు," అంది ఆ పిల్ల, పళ్ళు బిగబట్టి. "రెండు రోజులు నీ గోళ్ళల్లో సిమెంటు ఉంది. మన బిడ్డ పోతే మాత్రం... నిన్ను క్షమించను." తేయాకు మూటగట్టే గోనెపట్టాలో పడుకోబెట్టి నలుగురం మోశాం. బురదలో రెండుసార్లు జారాం. ఆ పిల్ల అరవలేదు. నా మణికట్టు పట్టుకుని నొక్కింది, ఆ గోళ్ళ గుర్తులు ఇదిగో, చూడండి.

అందరం బళ్ళోకి చేరాక పేచ్చాయవ్వ తలలు లెక్కపెట్టింది. యాభై మూడు. ఒక్కరూ తగ్గలేదు. పావుగంటకి పైనుంచి చప్పుడొచ్చింది... అది ఎలాంటిదో చెప్పమని నన్ను అడక్కండి. తెల్లారి చూస్తే తొమ్మిదో లైను లేదు. ఎర్రమట్టి, దాని మీద తలకిందులైన తేయాకు మొక్కలు.

తెల్లవారుజామున బడి బల్లల మీద ఆడపిల్ల పుట్టింది. బతికింది.

నాలుగో రోజున దిల్రుక్షి మోకాళ్ళదాకా బురదతో మాకు వేసిన డేరాల దగ్గరికి వచ్చింది. చేతిలో మూరెడు ఇనప గొట్టం ముక్క ఉంది. దాని నోట్లో మా సిమెంటు అలాగే ఉంది. నేను ఎదురెళ్ళి, బాల్చీ పట్టుకున్నది నేనేనని చెప్పా. తిడుతుందనుకున్నా. కింద కూర్చుండిపోయింది.

"గాలి చప్పుడని ఒక్క మాట రాసి ఊరుకోవాల్సింది కాదు నేను," అంది తనలో తాను. "దాన్ని విని మీరు ఎంత భయపడ్డారో అది కూడా కొలవాల్సింది." తర్వాత సిమెంటుని వేలితో నొక్కి చూసింది. "ఇందులోంచి గాలి రాదు. నేలలో పగుళ్ళనుంచి వచ్చిందేమో... ఏమో."

"గాలి 'అన్నా' అని పిలుస్తుందా మిస్సీ?" అన్నాడు తమ్ముడు.

ఆ పిల్ల గొట్టం ముక్కని కింద పెట్టేసింది.

పేచ్చాయవ్వ డేరా మూల కూర్చుని వింటోంది. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. మెల్లిగా అడిగింది, "ఎన్నిసార్లు పిలిచిందిరా?"

"మూడుసార్లు అవ్వా."

"సరిగ్గా విన్నావా? మూడోదీ వచ్చిందా?"

"వచ్చింది. నేను పలికా. అప్పుడు ఆగింది."

అవ్వ పసిదాన్ని నా చేతికిచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఎనిమిదేళ్ళ కిందట ఆ రాత్రి పెట్టుకున్నట్టే. కొంగు దించి తమ్ముడి వైపు చూసింది.

"అది నాది నాయనా," అంది. "ఆ మూడో పిలుపు నాకు రావాల్సింది. నా బదులు నువ్వు పలికేశావు... ఇక అది నన్ను పిలవదు."