బానెట్ ఎత్తనివ్వని కారు

ఫిషింగ్ హార్బర్ వెనక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటుండేది. చీకటి పడ్డాక ఆ పక్కకి ఎవరూ పోయేవారు కారు. తుఫాను కబురు విని కూడా బోటు దింపే మొండిఘటాలు సైతం ఆ షెడ్డు దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవారు. కారణం, లోపలున్న ఎర్రకారు.

దాని యజమాని జగ్గారావు ఆ కారు సీట్లోనే, స్టీరింగు మీద తల వాల్చి ప్రాణం విడిచాడు. ఆ తర్వాత కారు చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ బానెట్ ఎత్తలేకపోయారు. సగం ఎత్తేసరికి... లోపల్నుంచి ఎవరో కిందికి లాగేవారట! ఒకడికి వేళ్లు నలిగాయి. ఇంకొకడు చెప్పులొదిలేసి పరిగెత్తాడు. కారంటే జగ్గారావుకి అంత పిచ్చి, చచ్చినా అమ్మనివ్వడు అని హార్బరంతా తీర్మానించేసింది. జనానికేం, తీర్మానాలకి ఖర్చా!

ఎనభై మూడులో జగ్గారావు పెళ్లాం చిలకమ్మ, మద్దిలపాలెంలో కార్ల బ్రోకరు గురునాథరావుని వెతుక్కుంటూ వచ్చింది. పాతకారు అసలుదో అతుకులబొంతో, ఎంత అరుదైనదో, ఎంత పలుకుతుందో చెప్పడంలో ఆయన మాటకి తిరుగులేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పేవాడు. ఈ కథ కూడా ఆయన చెప్పగా పాకిందే.

"షెడ్డు కూల్సేత్తారంట బాబూ, ఈ నెలాకరికి. ఈలోగా ఆ కారు సంగతి తేల్సాల. రాతిరేళ రండి. పగలు నాను సేపలమ్ముకోవాల."

"అందులో దెయ్యముందంటన్నారు?"

"మా ఆయనే కదా బాబూ."

గురునాథరావు తల గోక్కున్నాడు. వస్తానన్నాడు.

కలకత్తాలో ఎవరో దొర వదిలేసి వెళ్లిన స్పోర్ట్సు కారని జగ్గారావు దాన్ని బోటు అమ్మి మరీ తెచ్చాడు. దేశం మొత్తానికి ఇలాంటిది ఇంకోటి లేదనీ, తను పోయినా చిలకమ్మని ఇదే సాకుతుందనీ కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆమెకి మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఆ రాత్రి చిలకమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. గురునాథరావు టార్చి పట్టుకుని ఒక్కడే లోపలికెళ్లాడు.

వెలుగు పడగానే ఆయన గుండె జల్లుమంది. భయంతో కాదు, ఆశతో. రెండే సీట్లు. ఊచల చక్రాలు. కర్ర స్టీరింగు. వెనక్కి మడిచే గుడ్డ టాపు. ఉప్పుగాలి అక్కడక్కడా తినేసినా, ఆ పొడుగాటి ముక్కు ఎంత అందంగా ఉందో! ఈ మోడల్ గురించి ఆయన వినడమే గానీ కళ్లతో చూడలేదు. నిజంగా అదే అయితే బొంబాయి నుంచి కొనేవాళ్లు రెక్కలు కట్టుకుని వాలతారు.

కానీ... ఇంజను చూడాలి. పైన బాడీ ఎవడైనా రేకు కొట్టి చెయ్యగలడు. అసలు కారుకైతే ఆరు సిలిండర్లుండాలి.

గడియ తీసి బానెట్ ఎత్తాడు. జానెడు లేచింది...

ఆగిపోయింది.

మళ్లీ ఎత్తాడు. లోపల్నుంచి లాగుతున్నారు. బలంగా కూడా కాదు, వణుకుతూ... ఎవరో రెండు చేతులతో బతిమాలుతున్నట్టు. గురునాథరావుకి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"జగ్గారావూ..." అన్నాడు. "నాను అమ్మీడానికి రాలేదు. సూసి ఎల్లిపోతాను. అంతే."

మెల్లగా... పట్టు వదిలింది.

బానెట్ ఎత్తి టార్చి లోపలికి వేశాడు. ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగే! ఊళ్లో డాక్టర్లు నడిపే మామూలు హెరాల్డు కారు ఇంజను. దాని మీద ఎవడో మహానుభావుడు రేకు కొట్టి, ముక్కు సాగదీసి, ఎర్రరంగు పూసి పాపం జగ్గారావుకి అంటగట్టాడు.

చెవి పక్కనే చల్లగా ఊపిరి తగిలింది.

"దానికి సెప్పకు బావా..."

ఏడుస్తున్న గొంతు. గురునాథరావుకి అప్పుడర్థమైంది. జగ్గారావు ఇన్నాళ్లూ బానెట్ పట్టుకున్నది కారు మీద ప్రేమతో కాదు, సిగ్గుతో. మోసపోయానని పెళ్లానికి తెలియకూడదని! భయమంతా పోయి ఆయనకి జాలేసింది.

బయటికొచ్చాడు. చిలకమ్మ ఆశగా మొహంలోకి చూసింది. ఏం చెప్తాడు? చెబితే చచ్చినవాడికి ద్రోహం. చెప్పకపోతే బతికున్నదానికి.

ఆమే ఆయన్ని చెయ్యి పట్టుకుని షెడ్డుకి దూరంగా లాక్కెళ్లింది. గుసగుసగా అంది.

"హెరాల్డే కదా బాబూ? నాకు తెల్సు. కొన్న ఏడాదే మెకానిక్కు నాకు సెప్పీసినాడు. ఆయన మనసు కట్టపెట్టలేక నాను తెలీనట్టున్నాను."

గురునాథరావు నోరు తెరిచాడు. "మరి నన్నెందుకు పిలిసినావమ్మా?"

"షెడ్డు కూల్సేత్తే ఆయనెక్కడుంటాడు? ఆ కారునట్టుకునే యేలాడతన్నాడు. అసలుదేనని మీలాంటోరు ఒక్క మాటంటే, నాను సంబరపడినట్టు ఆయన ఇంటే... దీనికింక లోటు లేదనుకుని ఎల్లిపోతాడు. ముందొచ్చినోళ్లు ఆ మాట అనకుండానే పారిపోయినారు. గట్టిగా అనండి బాబూ, మీకు పున్నెముంటాది."

గురునాథరావు జన్మలో ఎప్పుడూ నకిలీ కారుని అసలుదనలేదు. షెడ్డు వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాడు.

"అసలుదే చిలకమ్మా! దేశం మొత్తానికి ఇదొక్కటే! నీకింక ఏ లోటూ లేదు!"

"నాకు తెల్సు బాబూ!" చిలకమ్మ కూడా అరిచింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే. "మా ఆయన ఏటి తెచ్చినా మంచిదే తెత్తాడు!"

ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. చిలకమ్మ మొహం మెల్లగా విచ్చుకుంది. వెళ్లిపోయాడనుకుంది.

లోపల బానెట్ మూసుకున్న చప్పుడు... ఆ వెనకే, రేకు మీద తల బాదుకుంటూ ఏడుపు...

"పిచ్చిది... ఇంకా నమ్మేత్తంది. దీన్నొంటరిగా ఒగ్గీసి నానెలాగెల్తాను..."