పొయ్యి పక్కన ట్రాంటర్ గారు

నువ్వు నమ్మవు తమ్ముడూ. మా అమ్మ సమాధి మీద ఒట్టేసి చెప్తున్నా, అంతా విన్నాక నన్ను అబద్ధాలకోరంటావు. అనుకో, నాకేం. ముందా బీరు గ్లాసు మెల్లిగా పెట్టు. మెల్లిగా అన్నానా!

నాలాంటి వేలంపాటగాడు ఈ లింకన్‌షైర్ జిల్లా మొత్తంలో ఇంకోడు పుట్టలేదు. బడికెళ్లింది తక్కువేగానీ, నేను నోరు తెరిస్తే కుంటి కుర్చీ కూడా సింహాసనంలా అమ్ముడుపోయేది. అందుకేగా టీవీ వాళ్లు నా హాలు వెతుక్కుంటూ వచ్చింది! ఆ ఆట చూశావుగా? రెండు జట్లు సంతలో పాత సామాన్లు కొంటాయి, నాలాంటోడి దగ్గర వేలానికి పెడతాయి. లాభం ఎక్కువొచ్చినోళ్లు గెలిచినట్టు.

నా దగ్గరో కిటుకుంది. పాట లేవకపోతే, హాలు వెనక చలికాచుకునే పొయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసి, "ట్రాంటర్ గారు, ఇరవై పౌన్లు!" అని అరుస్తా. ట్రాంటరూ లేడు, వాడి తాతా లేడు. పేరు ఊరికే నోటికొచ్చింది, అంతే. జనం మాత్రం పోటీపడి పెంచేసేవాళ్లు. ఎప్పుడైనా ఎవడూ పెంచలేదనుకో, ట్రాంటర్ పేరునే సుత్తి కొట్టి పాట ముగించేసి, డబ్బు నేనే కట్టేసి, సామాను వెనక గదిలో పడేసేవాణ్ణి. అలా వాడు ఏళ్ల తరబడి చాలానే కొన్నాడులే. ఇత్తడి మంచం, జోడు టీ కప్పులు, ఉయ్యాల తొట్టి. తర్వాత వెతికితే ఒక్కటీ కనపడేది కాదు. ఎలకలెత్తుకెళ్లాయనుకున్నా. నవ్వకు! ఇత్తడి మంచాన్ని ఎత్తుకెళ్లే ఎలకలు మా ఊళ్లో ఉన్నాయి.

టీవీ వాళ్లొచ్చిన మధ్యాహ్నం బయట మంచు పడుతోంది. కెమెరాలున్నాయిగా, ఛాతీ విరుచుకుని మా వేలం రూలు గట్టిగా చదివా. "చూసింది చూసినట్టే అమ్మకం! సుత్తి పడ్డాక వెనక్కి లేదు!"

ఎర్రచొక్కాల జట్టులో గ్లెండా అనే ఆవిడ పెళ్లికూతురు తలమీద వేసుకునే పాత లేసు ముసుగొకటి తెచ్చింది. ఒక్కడూ చెయ్యెత్తడే! సామాన్లు జనానికి చూపించేది మా అమ్మాయి ఎఫీ.

"ఇలా పెట్టెలో పెట్టి చూపిస్తే ఎవడు కొంటాడు నాన్నా?" అని గొణిగి, ముసుగు తల మీద వేసుకుంది.

అయినా ఉలుకూ పలుకూ లేదు. గ్లెండా మొహం వాడిపోయింది. "బాబ్బాబు, కాస్త లేపండయ్యా" అంది.

నాకదెంత పని? "ఇరవై! వెనక ట్రాంటర్ గారు!"

"ముప్పై."

వెనకనించే వచ్చింది. అందరూ తిరిగి చూశారు. కుర్చీ ఖాళీ.

పొయ్యిలో నిప్పులు ఎర్రగానే ఉన్నాయి, హాలు మాత్రం చల్లబడిపోయింది. తడిమట్టి వాసన... ఇప్పుడే ఆర్పేసిన కొవ్వొత్తి వాసన...

"నలభై."

మైకులు చూసుకునే మనిషి చెవులకున్నది తీసేశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీసేశాడు. "దీన్లో ఆ గొంతు రావట్లేదు..." అన్నాడు.

నేనేమన్నా పిరికోణ్ణా? "ట్రాంటర్ గారూ, మీ మీద మీరే పెంచుకుంటున్నారండీ" అని ఇకిలించా.

"చూసింది... చూసినట్టేగా?" అంది ఆ గొంతు.

అప్పుడు ఎఫీ వంక చూశా. ముసుగు కొస గాల్లో లేచుంది. గాలి లేదు. ఎవరో చివర పట్టుకున్నట్టు, తిన్నగా పొయ్యి వైపుకి...

"నాన్నా... తీస్తుంటే రావట్లేదు..."

మంచం. జోడు కప్పులు. ఉయ్యాల. ట్రాంటర్ ఇంట్లో ఇంకేం తక్కువైందో అప్పుడు తట్టింది నాకు.

సుత్తి నా చేతిలోనే ఉంది. కిందికి దిగుతోంది. నేను దించట్లేదు తమ్ముడూ! ఎడంచేత్తో పట్టుకున్నా... ఐసుముక్కలా ఉంది... బల్లకి వెంట్రుకవాసిలో ఆపి, చంకలో దోపుకుని అరిచా. "ఈ పాట ముగియలేదు!"

ముసుగు వాలిపోయింది. ఎఫీ కూడా.

ఆ ఆట టీవీలో రానేలేదు. నేను వేలం మానేసి ఈ బీరుకొట్టు పెట్టుకున్నా. తలుపు మీద తట్టడానికి కడియం లేదు, చూశావా? ఇక్కడెవరూ బల్ల చరచరు. ఏ చప్పుడుని వాడు సుత్తిదెబ్బ అనుకుంటాడో ఎవడికి తెలుసు?

ఇందాక నీకు బీరు పోసిందే, అదే ఎఫీ. తలకి ఎప్పుడూ ఆ గుడ్డేంటని అడక్కు. గుడ్డ కింద నించి లేసు కనపడుతోందని అస్సలనకు. రోజూ కత్తిరిస్తూనే ఉంటుంది, అది మళ్లీ పెరుగుతూనే ఉంటుంది.

ఏంటి, నవ్వొస్తోందా? సరే. ఇదిగో సుత్తి. చల్లగా ఉంటుంది, జాగ్రత్త. నేను అబద్ధాలకోరునైతే బల్ల మీద ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టు.

ఆగాగు... ఇప్పుడు "యాభై" అన్నది నువ్వేనా?

కాదా? మరింకేం... కొట్టవేం? కొట్టు చూద్దాం!