లంగరు గొలుసు కింద

ఏజెంట్ నెమలి శత్రుముఠా నాయకుడితో లేచిపోయిందని డిపార్ట్‌మెంట్‌లో అందరూ నమ్మారు. పోయిన నెల, గాలివాన రాత్రి, ఇద్దరూ స్పీడ్‌బోట్‌లో సముద్రం దాటి, ఏదో దీవిలో కాపురం పెట్టారట. దీవి పేరు ఎవరికీ తెలియదు. ఆ ఇంటి వరండాకి నీలం రంగు వేశారని మాత్రం క్యాంటీన్‌లో రూఢిగా చెప్పుకునేవారు.

ఆ మాటను నమ్మనూ లేక, తోసిపుచ్చనూ లేక నలిగిపోతున్నవాడు ఒక్కడే. అతను నెమలి భర్త. ఇంట్లో ఎప్పుడు చూసినా రాగితీగ చుడుతూ కూర్చుంటాడు కనుక అతన్ని కాయిల్ అని పిలిచేవారు. ఋజువు లేనిదే దేన్నీ ఒప్పుకోకపోవడం అతని జీవితకాలపు అలవాటు. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు అతనికి నిద్ర లేకుండా చేసింది.

చీఫ్ పిలిపించాడు.

"కూర్చో. నెమలి ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్. వాళ్ల సైఫర్ చక్రం కాజేసింది. అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ల. అది లేకుండా వాళ్ల మెసేజ్‌లు చదవలేం."

"తెలుసు సార్."

"దాన్ని పట్టుకుని పారిపోయిందనుకున్నాం. ఇప్పుడు ముఠా మనిషి ఒకడు, కోడ్‌నేమ్ డెంటిస్ట్, ఆ స్పీడ్‌బోట్ బయల్దేరిన బీచ్‌లోనే మెటల్ డిటెక్టర్‌తో తిరుగుతున్నాడు."

"అయితే చక్రం వాళ్ల చేతికీ చిక్కలేదన్నమాట."

"కొత్తది వచ్చేదాకా, మిగిలిన చక్రాలతో, వాళ్లకి పాత కోడే దిక్కు. ఇవాళ పొద్దున ఒక మెసేజ్ పట్టుకున్నాం. ఎక్కడో బాంబు పెట్టారు. ఎక్కడో తెలియదు. చక్రం కావాలి."

"సార్, ఒకవేళ ఆమె తప్పు చేయలేదని తేలితే?"

చీఫ్ ఫైలు మూశాడు. "చక్రం కావాలన్నాను."

డిపార్ట్‌మెంట్ ఇవ్వజూపిన విదేశీ డిటెక్టర్‌ను కాయిల్ తీసుకోలేదు. తన వంటగదిలో తయారైన యంత్రమే తెచ్చుకున్నాడు. ప్లాస్టిక్ బకెట్ మూత చుట్టూ తీగ, పీవీసీ గొట్టం, పాత రేడియో నుంచి ఊడదీసిన హెడ్‌ఫోన్. దాని మొదటి రూపం ఉప్పునీటి ఇసుకను చూడగానే గగ్గోలు పెట్టేది. అప్పుడతను సర్క్యూట్ అంతా మార్చాడు. ఇప్పుడది ఇసుకలోకి ఒక కరెంటు పల్స్ పంపి, లిప్తపాటు ఆగి, ఆ తర్వాతే చెవి ఒగ్గుతుంది. ఉప్పునీటి స్పందన ఆలోపే చల్లారిపోతుంది. లోహానిది ఇంకా మిగిలే ఉంటుంది.

లోపం ఒకటుంది. ఖరీదైన యంత్రాలలాగా ఇనుమును వేరుచేసి విడిచిపెట్టడం దానికి చేతకాదు. తుప్పు మేకుకైనా బంగారానికైనా ఒకటే కేక. ఆ పరీక్షలు జరిగే రోజుల్లో నెమలి స్టవ్ పక్కన నిలబడి నవ్వేది: "మీ యంత్రం మీలాగే మహానుభావా! చెత్తని కూడా తవ్వి చూస్తే గానీ వదలదు."

బీచ్‌లో ఐస్‌క్రీమ్ బండి దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు. అతనూ ఏజెంటే. బండి అడుగున వైర్‌లెస్ సెట్టుంది.

"బావా, ఆ గడ్డంతో నువ్వు బడి ఎగ్గొట్టిన లెక్కల మాస్టారులా ఉన్నావు."

"నువ్వు అమ్ముతున్నావా, తింటున్నావా?"

"కవర్ నమ్మకంగా ఉండాలిగా!" నవ్వు అతని ముఖంలో ఎంతోసేపు నిలవలేదు. "అమ్మ గోడ మీంచి అక్క ఫోటో తీసేసింది బావా. నిజం చెప్పు. అక్క వెళ్లిపోయిందా?"

"తెలియదురా."

"నా కోసం ఒక అబద్ధమైనా చెప్పొచ్చుగా!"

"చెప్పడం చేతనైతే ముందు నాకు నేనే చెప్పుకునేవాణ్ణి."

డెంటిస్ట్ నీటి అంచున నడుస్తున్నాడు. తెల్ల టోపీ, భుజం మీద తువ్వాలు, చేతిలో తళతళలాడే యంత్రం. బీచ్ నిండా మేకులూ సీసా మూతలూ ఉంటాయి కనుక, ఆ చెత్తకు మూగపోయేలా దాన్ని అమర్చుకున్నాడు. ఇసుకలో సగం పూడిన పాత ఓడ లంగరు గొలుసు మీదుగా వెళ్ళాడు. యంత్రం కిక్కురుమనలేదు. ముందుకు సాగిపోయాడు.

కాయిల్ అడుగు అక్కడే ఆగింది.

గొలుసంత ఇనుము ఉన్నచోట అలాంటి యంత్రం పక్కనున్న ఇత్తడిని కూడా వినిపించుకోదు. అక్కడ గొంతెత్తి అరిచేది ఒక్క యంత్రమే. అరిచాక విసుక్కోకుండా తవ్వేవాడూ ఒక్కడే. ఆ రెండు సంగతులూ తెలిసిన మనిషి కూడా ఒక్కతే.

కాయిల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొలుసు వెంట తవ్వాడు. మోచేతి లోతున మూత బిగించిన స్టీలు డబ్బా తగిలింది. అందులో సైఫర్ చక్రం. దానితోపాటు, చుట్టూ మరలు చెక్కిన మరో ఇత్తడి ముక్క.

"వెనిల్లా అయిపోయింది!" బావమరిది గట్టిగా అరిచాడు. ప్రమాదానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు అది.

కాయిల్ వెనక్కి చూడకుండానే యంత్రాన్ని బారుగా విసిరాడు. వెనక నుంచి వచ్చిన డెంటిస్ట్ తువ్వాలు కిందున్న పిస్తోలు ఇసుకలో పడింది. బకెట్ మూత రెండుగా విరిగింది. అతను వంగి దాన్ని అందుకునేలోగా ఐస్‌క్రీమ్ బండి వచ్చి అతన్ని వెల్లకిలా పడగొట్టింది.

"వీడి చేతులు కట్టు. చక్రం తీసుకో. ముందు మెసేజ్!"

బావమరిది పొద్దున పట్టుకున్న మెసేజ్ కాగితం ముందు పెట్టుకుని, చక్రం తిప్పుతూ ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. "మధ్యాహ్నం... ఫెర్రీ... ఇంజన్ గది... బావా, అదిగో, తాళ్లు విప్పుతున్నారు!"

రేవులో ఫెర్రీ ఆఖరి తాడు విప్పుతుండగా అక్కడి వైర్‌లెస్ మోగింది. ప్రయాణికులంతా దిగారు. ఇంజన్ గదిలో బాంబు దొరికింది. గడియారం ఇంకా నడుస్తుండగానే తీగ కత్తిరించారు.

కాయిల్ గొలుసు మీద కూర్చుని ఆ ఇత్తడి ముక్కను అరచేతిలో తిప్పుతున్నాడు.

"ఏంటది బావా?"

"స్పీడ్‌బోట్ అడుగున నీళ్లు వదలడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దానికి బిగించే బిరడా."

"అది తీసేస్తే?"

"పడవ జోరుగా పోతున్నంతసేపూ ఏమీ కాదు. ఆ వేగానికి నీళ్లు రంధ్రంలోంచి బయటికే పోతాయి. వేగం తగ్గాకే లోపలికి తన్నుకొస్తాయి. నాయకుడొచ్చేలోగా దొరికిన కాస్త వ్యవధిలో మీ అక్క చక్రం పాతింది, ఇది విప్పింది. చక్రం పోయిందని తెలిస్తే వాడు వెనక్కి వచ్చి ఈ బీచంతా తవ్వించేవాడు. అందుకే తనూ వాడితో పడవెక్కి, తిరిగి రాకుండా చేసింది."

"మరి అక్క దూకేసి ఉండొచ్చుగా? ఎవరో ఒకరు..." అంటూ ఆగిపోయాడు. ఆమెకు ఈత రాదని ఇద్దరికీ తెలుసు.

బావమరిది తల వంచుకుని, బండిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమును అర్థం లేకుండా కలుపుతూ ఉండిపోయాడు.

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్ కాయిల్! ఇంతకీ మీ ఆవిడ ఏ దీవిలో ఉందో ఆధారం ఏమైనా దొరికిందా? అరెస్టు వారెంటు నా బల్ల మీదే ఉంది."

"దాన్ని నీళ్లకి తడవని కాగితం మీద టైపు చేయించండి సార్. ఒక్కసారి ఫైల్లో ఆ స్పీడ్‌బోట్ నంబరు చదవండి."

చీఫ్ ఒక్కో అంకే చదివాడు. కాయిల్ బొటనవేలితో ఇత్తడి మీది ఇసుక తుడిచాడు. అక్కడ చెక్కి ఉన్నది ఆ నంబరే.

ఆ పడవ ఏ తీరమూ చేరలేదు.